డబ్బా అంచులోని మడత: సీమ్ లోపాల గుర్తింపు, నిదానం

1964 మే నెల రెండవ సగంలో స్కాట్లండ్ ఈశాన్య తీరంలోని ఆబర్డీన్ నగరంలో టైఫాయిడ్ బయటపడింది. కొద్ది వారాల్లో నాలుగు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. పాఠశాలలు మూతపడ్డాయి, బయటి ఊళ్ళవాళ్ళు ఆబర్డీన్ పేరు వింటేనే జంకారు. జూన్ చివర రాణి ఎలిజబెత్ స్వయంగా వచ్చి వీధుల్లో తిరిగితే గాని ఊరి మీది ఆ మచ్చ చెరగలేదు. నీటి సరఫరాలో దోషం లేదు, పాలలోనూ లేదు. రోగుల భోజనాల జాబితాలను పోల్చి చూసినప్పుడు ఆ దారులన్నీ ఒకే సూపర్‌మార్కెట్‌లోని కోసిన మాంసాల బల్ల దగ్గర కలిశాయి. అక్కడ తెరిచిన ఒక పెద్ద కార్న్‌డ్ బీఫ్ డబ్బా నుంచి కోత యంత్రానికీ, ఆ యంత్రం నుంచి పక్కనున్న ఇతర మాంసాలకూ క్రిములు అంటుకున్నాయి.

ఆ డబ్బా వచ్చింది అర్జెంటీనా నుంచి. సర్ డేవిడ్ మిల్న్ అధ్యక్షతన విచారణ జరిపిన కమిటీ ఆ ఏడాది చివర్లో ఒక నిర్ణయానికి వచ్చింది: రొసారియో నగరంలోని కర్మాగారంలో, వండిన డబ్బాలను చల్లార్చడానికి పరానా నది నీటిని క్లోరిన్ కలపకుండా వాడారు; నగరపు మురుగు కలిసే ఆ నీరు ఏదో ఒక డబ్బా అతుకు గుండా లోపలికి చేరింది. రోగుల్లో దొరికిన టైఫాయిడ్ క్రిమి బ్రిటన్‌లో అరుదైనది, దక్షిణ అమెరికాలో కనిపించే రకం కావడం ఈ నిర్ణయానికి బలాన్నిచ్చింది. అంతకు ముందు ఏడాదే హార్లో, సౌత్ షీల్డ్స్, బెడ్‌ఫర్డ్ పట్టణాల్లో ఇలాంటి డబ్బా మాంసం వల్లనే చిన్న చిన్న వ్యాప్తులు సంభవించాయి. అంటే హెచ్చరిక ముందే అందింది, దాన్ని అందుకోవలసినవారు అందుకోలేదు.

ఈ ఉదంతంలో ఆలోచించదగిన సంగతి ఒకటుంది. డబ్బాలోని మాంసం సరిగానే ఉడికింది. వంట పూర్తయ్యేసరికి అందులో బ్రతికున్న టైఫాయిడ్ క్రిమి ఉండే అవకాశం లేదు. తర్వాతి అరగంటలో, కంటికి కనిపించని సందులోంచి, నీటి తుంపరలో వెయ్యో వంతుతో అది లోపలికి వెళ్ళింది. పోటీకి వేరే క్రిములేవీ లేని ఆ మాంసంలో సుఖంగా పెరిగింది. టైఫాయిడ్ క్రిమి గాలి పుట్టించదు కనుక డబ్బా ఉబ్బలేదు. రుచి మారలేదు, వాసన రాలేదు. ఇంట్లో డబ్బా తెరిచేవారికి తెలిసిన గుర్తులేవీ ఇక్కడ పనికిరావు. డబ్బా అంచున ఉన్న ఆ సన్నని మడత సరిగా కుదిరిందా లేదా అన్నది కర్మాగారంలో, దాన్ని మూసిన గంటల్లోనే తెలియాలి. ఈ వ్యాసం ఆ మడతను గురించి, అందులో వచ్చే లోపాలను గురించి, వాటి కారణాలను ఎలా పట్టుకుంటారన్నదాన్ని గురించి.

ఐదు పొరల మడత

ఆహారాన్ని గాజు సీసాలో మూసి మరిగించి నిలవ చేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ 1810లో గ్రంథస్తం చేశాడు. అప్పటికి పాశ్చర్ పుట్టనే లేదు. ఆహారం ఎందుకు చెడదో అపేర్‌కు తెలియదు, చెడదన్న సంగతి మాత్రం తెలుసు. అదే ఏడాది పీటర్ డ్యూరాండ్ లండన్‌లో రేకు డబ్బాలకు పేటెంటు తీసుకున్నాడు. 1813 నాటికి బ్రయన్ డాంకిన్, అతని భాగస్వాములు లండన్‌లోని బెర్మాండ్సీలో డబ్బాల కర్మాగారం నడుపుతున్నారు. ఆ డబ్బాలకు మూతను సీసం కలిసిన టంకంతో అతికేవారు. మూతలో ఒక రంధ్రం వదిలి, అందులోంచి ఆహారం నింపి, రంధ్రం మీద చిన్న బిళ్ళ పెట్టి, చివరికి ఒక టంకపు చుక్కతో గాలి రంధ్రాన్ని మూసేవారు. మంచి రేకు పనివాడి చేతిలో అది గట్టి అతుకే. కాని ప్రతి డబ్బా పనివాడి చేతి మీద ఆధారపడేది, సీసం ఆహారానికి తగిలేది.

పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో మాక్స్ ఆమ్స్ సంస్థ వాళ్ళు మూతను టంకం లేకుండా మడతతోనే బిగించే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. అదే డబుల్ సీమ్. ఈనాటి శనగల డబ్బా, కొబ్బరిపాల డబ్బా, మామిడి గుజ్జు డబ్బా అన్నీ దీనితో మూసినవే. గోడ నిలువు అతుకులో టంకం ఇంకా చాలా దశాబ్దాలు మిగిలింది. అమెరికాలో సీసపు టంకం వేసిన ఆహార డబ్బాలను చట్టం 1995లో పూర్తిగా నిషేధించింది. ఇప్పుడు ఆ నిలువు అతుకును విద్యుత్తుతో వెల్డింగు చేస్తారు, లేదా నిలువు అతుకే లేకుండా గోడనూ అడుగునూ ఒకే రేకు నుంచి సాగదీస్తారు.

మన ఊళ్ళలో ట్రంకు పెట్టెలూ బకెట్లూ చేసే రేకు పనివారు రెండు రేకుల అంచులను ఒకదానిలో ఒకటి వంచి సుత్తితో అణగగొట్టడం చూసినవారికి డబుల్ సీమ్ సూత్రం వెంటనే అర్థమవుతుంది. రెండు చేతుల వేళ్ళను కొక్కేల్లా వంచి ఒకదానిలో ఒకటి తగిలించి లాగితే ఎలా పట్టుకుంటాయో ఇదీ అంతే. డబ్బా గోడ పై అంచును బయటికి పెదవిలా వంచి ఉంచుతారు. మూత అంచు కిందికి గుండ్రంగా వంగి ఉంటుంది, ఆ వంపు లోపల రబ్బరు వంటి మెత్తని పూత ఉంటుంది. పరిశ్రమలో దాన్ని కాంపౌండ్ అంటారు.

మూసే యంత్రం పేరు సీమర్. డబ్బాను కింది నుంచి లిఫ్టర్ అనే పీఠం పైకి నొక్కి పడుతుంది. పైనుంచి చక్ అనే దిమ్మ మూత పళ్ళెంలో సరిగ్గా కూర్చుని లోపలి నుంచి దన్ను ఇస్తుంది. మొదటి రోలర్ వచ్చి మూత వంపును గోడ పెదవి కిందుగా లోపలికి చుడుతుంది. గోడ పెదవి కూడా దానితో పాటు కిందికి వంగుతుంది. ఇప్పుడు రెండు కొక్కేలు ఒకదానిలో ఒకటి ఉన్నాయి, కాని వదులుగా ఉన్నాయి. రెండో రోలర్ గాడి ఆకారం వేరు, లోతు తక్కువ. అది వాటిని ఇస్త్రీ చేసినట్టు అణగదొక్కుతుంది. కాంపౌండ్ పిండబడి సందులన్నిటిలోకి వ్యాపిస్తుంది. చివరికి మూత రేకు మూడు పొరలు, గోడ రేకు రెండు పొరలు, మొత్తం ఐదు పొరలు మిల్లీమీటరున్నర మించని మందంలో ఒదుగుతాయి. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరుగుతుంది. పెద్ద సీమర్లు నిమిషానికి కొన్ని వందల డబ్బాలు మూస్తాయి.

బలం కొక్కేల నుంచి వస్తుంది, గాలి చొరనితనం కాంపౌండ్ నుంచి వస్తుంది. ఒకటి ఉండి రెండోది లేకపోతే పని జరగదు. వదులైన కొక్కేల మధ్య ఎంత రబ్బరున్నా రిటార్ట్‌లో వేడికి డబ్బా లోపలి ఒత్తిడి పెరిగినప్పుడు అతుకు కాస్త కదులుతుంది. తర్వాత చల్లారేటప్పుడు లోపల ఆవిరి నీరై శూన్యం ఏర్పడుతుంది, అప్పుడు బయటి తడి లోపలికి పీల్చుకోబడుతుంది. వేడిగా ఉన్న కాంపౌండ్ ఇంకా మెత్తగా ఉన్న ఆ కాసేపే డబ్బా జీవితంలో అపాయకరమైన ఘడియ. బాక్టీరియా పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు సుమారు. దానికి గుమ్మమంత సందు అక్కర్లేదు.

కంటికి, వేలికి తెలిసేవి

అమెరికా ప్రభుత్వ నిబంధనల ప్రకారం తక్కువ ఆమ్లం గల ఆహారాలను డబ్బాల్లో మూసే చోట శిక్షణ పొందిన మనిషి కనీసం 30 నిమిషాలకు ఒకసారి డబ్బాల అంచులను చూడాలి, 4 గంటలకు మించకుండా ఒకసారి అతుకును విప్పి కొలవాలి. ఏదైనా ఇరుక్కుపోయి యంత్రం ఆగినా, యంత్రాన్ని సర్దినా మళ్ళీ చూడాలి. మొదటి పరీక్షకు కావలసినవి వెలుతురు, బొటనవేలు, చూపుడువేలు. అనుభవజ్ఞులు డబ్బాను చేతిలో పట్టుకుని అంచు చుట్టూ లోపలా బయటా వేళ్ళు నడుపుతారు. అన్నం మెతుకు పట్టి చూసినట్టు చేసే పని కాదిది. చుట్టూ పూర్తిగా తిరగాలి, ఎందుకంటే లోపం అంచు పొడవులో నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే ఉండవచ్చు.

అతుకు కింది అంచు ఒకచోట నునుపుగా కిందికి జారి కనిపిస్తే దాన్ని డ్రూప్ అంటారు. అదే ఇంగ్లీషు వి అక్షరంలా మొనదేలి ఉంటే వీ అంటారు. ఇవి ఎక్కువగా గోడ నిలువు అతుకు అంచును దాటే చోట వస్తాయి, అక్కడ పొరలు ఎక్కువ కనుక. అక్కడ కాస్త డ్రూప్ ఉండటం సహజం. మరో చోట ఉంటే మాత్రం అనుమానించాలి: కొక్కేల మధ్య ఏదో అడ్డుపడింది, లేదా కాంపౌండ్ ఒకచోట గుట్టగా పడింది, లేదా పెదవి వంకరగా ఉంది. అడ్డుపడేది చాలాసార్లు ఆహారమే. ఆకుకూర ఈనె, చేప పీచు, ఒక్క బియ్యపు గింజ పెదవి మీద వాలి ఉంటే రోలర్ దాన్ని కూడా మడిచేస్తుంది. డబ్బాలో ఎక్కువ నింపడం వల్ల కలిగే నష్టాల్లో ఇదొకటి.

అంచు లోపలి వైపు, చక్ కూర్చునే చోట, పైభాగంలో గోరుకు పదునుగా తగిలితే అది షార్ప్ సీమ్. రేకు చక్ అంచు మీదికి పొంగి పదునెక్కింది. ఇంకా ముదిరి రేకు తెగితే కట్ ఓవర్. రోలర్లు మితిమీరి బిగించడం, చక్ అంచు అరిగిపోవడం, చక్‌కూ రోలర్‌కూ నిలువు దూరం తప్పడం దీనికి కారణాలు. ఇది కంటి కన్నా వేలికి ముందు తెలుస్తుంది.

అంచులో కొంత మేర సరిగా అణగక మందంగా మిగిలితే, చక్ జారింది అనుకోవాలి. మూసేటప్పుడు చక్‌కూ డబ్బాకూ మధ్య పట్టు తప్పితే రోలర్లు ఆ కొంత మేర తమ పని పూర్తి చేయలేవు. పరిశ్రమలో దీనికి స్కిడర్, డెడ్‌హెడ్ అని పేర్లు. చక్ మీద నూనె, అరిగిన చక్, లిఫ్టర్ ఒత్తిడి తక్కువ కావడం దీనికి మూలాలు. నిలువు అతుకు పక్కనే ఇలాంటి వదులు కనిపిస్తే అది వేరు: రోలర్ ఆ మందమైన చోటును దాటుతూ ఎగిరి, వెంటనే కిందికి దిగలేకపోయింది.

వీటన్నిటి కన్నా భయపడవలసింది ఫాల్స్ సీమ్, దొంగ అతుకు. గోడ పెదవి ఎక్కడో దెబ్బ తిని కిందికి వంగిపోయి ఉంటుంది. మూత కొక్కెం దాని కిందికి వెళ్ళి చుట్టుకోదు. రెండూ పక్కపక్కన అణగి పోతాయి. బయటి నుంచి చూస్తే చక్కని అతుకు, మందం కూడా దాదాపు సరిగానే ఉంటుంది. లోపల కొక్కెం కొక్కేన్ని పట్టుకోలేదు. కొన్నిసార్లు అంచు కింద వంగిన పెదవి సన్నని రేఖలా తొంగిచూస్తుంది, చాలాసార్లు అదీ ఉండదు. ఖాళీ డబ్బాలను పారలు వేసినట్టు పారేసే గోదాముల్లో, ఒకదాన్నొకటి గుద్దుకునే పట్టాల మీద ఈ లోపం పుడుతుంది. సీమర్ దోషం ఇందులో ఏమీ లేదు, అయినా నింద ముందు సీమర్ మీదికే వెళుతుంది.

విప్పి చూసినప్పుడు

చూపు చెప్పలేనిది కొలత చెబుతుంది. అతుకును విప్పక ముందే మూడు కొలతలు తీస్తారు: అతుకు మందం, అతుకు ఎత్తు, అంచు నుంచి మూత పళ్ళెం ఎంత లోతున ఉందన్న కౌంటర్‌సింక్. తర్వాత మూత మధ్య భాగాన్ని కోసి తీసేసి, మిగిలిన రేకు పట్టీని కట్టరుతో పీకి, మూత కొక్కేన్ని మెల్లగా కిందికి తట్టి ఊడదీస్తారు. అప్పుడు గోడ కొక్కెం, మూత కొక్కెం రెండూ బయటపడతాయి, మైక్రోమీటరుతో కొలుస్తారు. కొలతలు ఒకే చోట కాదు, నిలువు అతుకును వదిలి, చుట్టుకొలతలో సుమారు 120 డిగ్రీల దూరాన మూడు చోట్ల తీయాలి. ఇంకో పద్ధతిలో సన్న రంపంతో అతుకును అడ్డంగా కోసి, ఆ కోతను తెర మీద పెద్దది చేసి చూస్తారు. రెండో పద్ధతిలో కొక్కేలు ఎలా కూర్చున్నాయో కళ్ళారా చూడవచ్చు, కాని మడతలోని ముడతలు కనిపించాలంటే విప్పక తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంఖ్య ఓవర్‌ల్యాప్, అంటే రెండు కొక్కేలు ఒకదానిపై ఒకటి పడే మేర. దాన్ని లెక్క కట్టడం తేలిక: మూత కొక్కెం, గోడ కొక్కెం, మూత రేకు మందం కలిపి, అందులోంచి అతుకు ఎత్తు తీసేయాలి. మూత కొక్కెం 1.90 మిల్లీమీటర్లు, గోడ కొక్కెం 2.03, రేకు మందం 0.25, అతుకు ఎత్తు 3.00 అనుకుందాం. ఓవర్‌ల్యాప్ 1.18 మిల్లీమీటర్లు వస్తుంది, ఇది మామూలు ఆహార డబ్బాకు మంచి పట్టు. గోడ కొక్కెం 1.60కి తగ్గి మిగతావి అలాగే ఉంటే 0.75 మాత్రమే మిగులుతుంది. బయటి నుంచి ఆ రెండు డబ్బాలకూ తేడా లేదు.

ఇక ముడతల సంగతి. మూత అంచు వంపు మొదట పెద్ద వలయం. దాన్ని లోపలికి మడిచినప్పుడు దాని కొస చిన్న వలయంలో ఇమడాలి. చుట్టుకొలత తగ్గింది, రేకు తగ్గలేదు. మిగులు రేకు చీర కుచ్చిళ్ళలా అలలు తిరుగుతుంది. మొదటి రోలర్ తర్వాత ఈ కుచ్చిళ్ళు తప్పనిసరి. రెండో రోలర్ వాటిని అణచి చదును చేయాలి. విప్పిన మూత కొక్కెం మీద ముడత ఎంత ఎత్తు వరకు మిగిలిందో చూసి, ముడత లేని భాగాన్ని శాతంలో చెబుతారు: కొక్కెం పొడవులో నాలుగో వంతు వరకు ముడత ఉంటే బిగువు 75 శాతం. ముడత లేకపోతే 100. ప్రతి ముడతా గోడకూ మూతకూ మధ్య ఒక చిన్న సొరంగం. దాన్ని కాంపౌండ్ నింపిందా లేదా అన్నదే తర్వాతి ప్రశ్న. దీనికి సాక్ష్యం డబ్బా గోడ లోపలి వైపున కూడా ఉంటుంది. రెండో రోలర్ సరిగా నొక్కితే అక్కడ చుట్టూ లేత గీత పడుతుంది. గీత తెగిపోయిన చోట ఒత్తిడి అందలేదు.

రోగం ఒకటి, మందు ఇంకొకటి

లోపాన్ని కనుక్కోవడం సగం పని. దాని కారణాన్ని కనుక్కోవడం మిగతా సగం, నా దృష్టిలో కష్టమైన సగం. కొలతలను విడివిడిగా చదివితే తప్పుదారి పడతాం. గోడ కొక్కెం పొట్టిగా ఉంటే లిఫ్టర్ ఒత్తిడి తక్కువైందనీ, లిఫ్టర్‌కూ చక్‌కూ మధ్య ఎత్తు ఎక్కువైందనీ అనుమానించాలి, రోలర్లను ముట్టుకోకూడదు. మూత కొక్కెం పొట్టిగా ఉంటే మొదటి రోలర్ వదులైంది, లేదా కౌంటర్‌సింక్ లోతు పెరిగి, చుట్టవలసిన రేకును అదే తినేసింది. ముడతలు ఎక్కువై మందం కూడా పెరిగితే రెండో రోలర్ వదులు. మందం సరిగా ఉండి ముడతలు మాత్రం ఉంటే మొదటి రోలర్ పని చూడాలి.

కర్మాగారంలో వేగం ఆగకూడదు. అందుచేత ఏ లోపం కనిపించినా రెండో రోలర్‌ను కాస్త బిగించి యంత్రాన్ని మళ్ళీ నడపాలన్న తొందర ఎప్పుడూ ఉంటుంది. దానితో మందం కొలత వెంటనే అందంగా మారుతుంది, కాగితం మీద అంతా సవ్యమవుతుంది. నిజానికి మితిమీరి నొక్కిన రేకు కిందికి సాగుతుంది. అతుకు ఎత్తు పెరుగుతుంది. పై లెక్కలో ఎత్తును తీసేస్తాం కనుక ఓవర్‌ల్యాప్ తగ్గుతుంది. బిగించి, పట్టు వదిలించామన్నమాట. మందం ఒక్కటే చూసి డబ్బా మంచిదనడం రక్తపోటు ఒక్కటే చూసి మనిషి ఆరోగ్యవంతుడనడం లాంటిది.

లోపం ఎక్కడ, ఎంత తరచుగా వస్తోందన్నది కొలత కన్నా ఎక్కువ చెబుతుంది. పెద్ద సీమర్‌కు ఆరో, పన్నెండో తలలు ఉంటాయి, ఒక్కో తలకు సొంత చక్, సొంత రోలర్లు. ప్రతి పన్నెండో డబ్బాలోనూ అదే లోపం వస్తే ఆ తలనే విప్పాలి. అన్ని తలల్లోనూ అక్కడక్కడా వస్తే యంత్రాన్ని వదిలి రేకును, మూతల కాంపౌండును, ఖాళీ డబ్బాల పెదవులను, నింపే పద్ధతిని చూడాలి. ప్రతి డబ్బాలోనూ నిలువు అతుకు దగ్గరే వస్తే వెల్డింగు అంచు మందమైంది. కొత్త మూతల పెట్టె విప్పిన గంట నుంచి మొదలైతే చెప్పనక్కర్లేదు. ఈ కారణం చేతనే నమూనాగా ఒక్కో తల నుంచి ఒక్కో డబ్బా తీయాలి. వరసలోంచి చేతికందిన నాలుగు డబ్బాలు తీస్తే చెడ్డ తల తప్పించుకుంటుంది.

ఉబ్బిన డబ్బా చెప్పే సాక్ష్యం

కొన్నిసార్లు సమస్య వారాల తర్వాత గోదాములో ఉబ్బిన డబ్బాగా ఎదురవుతుంది. అప్పుడు రెండు ప్రశ్నలు: సరిగా ఉడకలేదా? ఉడికిన తర్వాత కారిందా? వీటి జవాబుల మీద కోట్ల డబ్బాల భవిష్యత్తు ఆధారపడుతుంది. మొదటిదైతే ఆ పూట రిటార్ట్‌లోని మొత్తం సరుకు అనుమానాస్పదం. రెండోదైతే లోపం చెదురుమదురుగా ఉంటుంది, కాని ఏ డబ్బాలో ఉందో తెలియదు.

సూక్ష్మదర్శిని ఇక్కడ మంచి సాక్షి. క్లోస్ట్రిడియం బొట్యులినమ్ బీజాలను నిర్మూలించడానికి తక్కువ ఆమ్లపు ఆహారాన్ని 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 3 నిమిషాలకు సమానమైన వేడికి గురిచేస్తారు. ఆ వేడిని తట్టుకోగలిగేవి గట్టి బీజాలు కట్టే కొన్ని రకాలే. చెడిన డబ్బాలో అలాంటి ఒకే రకం దొరికితే వంట చాలలేదని ఊహించవచ్చు. ఈస్టు, గుండ్రటి క్రిములు, బీజాలు కట్టని కడ్డీలు కలగలిసి దొరికితే అవి వంట నుంచి బ్రతికి బయటపడినవి కావు, తర్వాత చొరబడినవి. అంటే అతుకు కారింది. తర్వాత డబ్బాను జాగ్రత్తగా ఖాళీ చేసి, కడిగి ఆరబెట్టి, కొద్దిగా నీరు పోసి, తెరిచిన వైపు పారదర్శకమైన పలకతో మూసి శూన్యం కల్పిస్తారు. అతుకులో సందు ఉంటే నీటిలో బుడగలు వరసగా లేస్తాయి. బుడగ లేచిన చోట గుర్తు పెట్టి, అక్కడే అతుకును విప్పుతారు. బుడగ రాకపోతే అతుకు నిర్దోషి అని తీర్పు చెప్పకూడదు. వేడిలో తెరుచుకుని, చల్లారాక ఆహారపు పీచుతోనో తుప్పుతోనో మూసుకుపోయిన సందులుంటాయి.

ఉబ్బులన్నీ క్రిముల వల్లనే రావు. పుల్లని పళ్ళు రేకును తిని హైడ్రోజన్ పుట్టిస్తాయి, ఎక్కువ నింపినా మూత పొంగుతుంది. చిత్తూరు జిల్లా నుంచి తోతాపురి మామిడి గుజ్జు ఏటా డబ్బాల్లో గల్ఫ్ దేశాలకూ ఐరోపాకూ వస్తుంది. హోటళ్ళకు వచ్చే 3.1 కిలోల పెద్ద డబ్బాను పరిశ్రమలో 603 x 700 అంటారు. అది మిల్లీమీటర్ల లెక్క కాదు: 6 అంగుళాల 3/16 వ్యాసం, 7 అంగుళాల ఎత్తు అని చదువుకోవాలి. మామిడి గుజ్జు ఆమ్లత పి.హెచ్. 4.6 కన్నా కింద ఉండటం వల్ల బొట్యులినమ్ అందులో పెరగదు. అందుకే దాన్ని మరిగే నీటి వేడిలోనే శుద్ధి చేస్తారు. ఆ డబ్బా అతుకు కారితే ఈస్టు చేరి పులుస్తుంది, ఉబ్బుతుంది, పారేస్తాం. నష్టం డబ్బుకే. శనగలు, చేపలు, కొబ్బరిపాలు అలా కాదు. ఒకే లోపం ఒక డబ్బాలో వ్యాపారికి నష్టం, మరో డబ్బాలో ప్రాణాంతకం.

ఆబర్డీన్ తర్వాత చల్లార్చే నీటికి క్లోరిన్ కలపడం గురించి పట్టింపు పెరిగింది. అది రెండో గోడ. అతుకు ఎంత మంచిదైనా లక్షల్లో కొన్ని డబ్బాలు కారతాయి, కనుక కారినప్పుడు లోపలికి వెళ్ళే నీరు శుభ్రంగా ఉండాలి. మూడో గోడ గురించి తక్కువ మాట్లాడతారు: చల్లార్చిన డబ్బాలు ఆరేదాకా వాటిని చేతులతో ముట్టకపోవడం, తడి పట్టాల మీద దొర్లించకపోవడం. 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో అలాస్కా సాల్మన్ డబ్బా ఒకటి తిన్న నలుగురు వృద్ధులకు ఇ రకం బొట్యులిజం వచ్చింది, ఇద్దరు మరణించారు. ఆ రకం బీజాలు వేడికి తొందరగా చస్తాయి; రిటార్ట్‌ను తట్టుకునే శక్తి వాటికి లేదు. డబ్బాలో చిన్న రంధ్రం ఉంది, వంట తర్వాత అందులోంచే అవి చొరబడ్డాయి.

నాలుగేళ్ళకు, 1982లో, బెల్జియంలో అలాంటిదే మరొకటి జరిగింది. మళ్ళీ అలాస్కా సాల్మనే. భార్యాభర్తలిద్దరు తిన్నారు, ఒకరు మరణించారు. ఈసారి అతుకు బాగానే ఉంది. అలాస్కా దూరం కనుక ఖాళీ డబ్బాలను బల్లపరుపుగా అణచి పంపి, అక్కడి కర్మాగారంలో యంత్రంతో మళ్ళీ గుండ్రంగా చేసి, పెదవి వంచి, అడుగు బిగించేవారు. ఆ గుండ్రం చేసే యంత్రం సర్దుబాటు తప్పి గోడ రేకును ఒకచోట చిన్నగా చీల్చింది. దాంతో ఐదు కోట్లకు పైగా డబ్బాలను మార్కెట్ల నుంచి వెనక్కి రప్పించవలసి వచ్చింది. ఆ చీలిక ఏ కొక్కెం కొలతలోనూ కనిపించదు, ఓవర్‌ల్యాప్ లెక్కలోనూ రాదు. చీలిన డబ్బాలో శూన్యం నిలవదు కనుక మూత లోపలికి పీల్చుకుని ఉండక చదునుగా మిగులుతుంది. పట్టా మీద వెళుతున్న ప్రతి డబ్బా మూత లోతునూ కొలిచి, చదునైనవాటిని పక్కకు నెట్టే పరికరాలతో ఇలాంటివాటిని ఏరుతారు. ఆహారపు ముక్క అడ్డుపడి మళ్ళీ మూసుకుపోయిన రంధ్రమైతే ఆ పరికరం కూడా దాన్ని మంచి డబ్బాగానే లెక్కిస్తుంది.